డ్యూటీ దిగని ఊరు

"నాక్ ఆఫ్" అనే మాటకి అర్థం ఏమిటో, దాన్ని ఎలా వాడాలో బ్రాక్‌రాయిడ్ ప్రజలకు ఇన్నాళ్ళూ సరిగ్గా తెలియకపోవడం పట్ల తీవ్ర విచారం వ్యక్తం చేస్తూ, మున్సిపల్ చైర్మన్ డెన్‌హోమ్ సగ్డెన్ గారు సోమవారం ఉదయం రెండు పేజీల సర్క్యులర్ విడుదల చేశారు.

దాన్ని లైబ్రరీ గోడకి అంటించారు. మాంసం కొట్టు అద్దానికి అంటించారు. రెండు పబ్బుల్లోనూ అంటించారు. జనం తీరుబడిగా కూర్చుని చదువుకోవడానికి వీలుగా పబ్లిక్ మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు కూడా అంటించారు. ప్రజల సౌకర్యం గురించి అంతగా ఆలోచించే నాయకుడు యార్క్‌షైర్ మొత్తం మీద ఇంకొకరు లేరు.

అందులో ఇలా ఉంది:

"విషయం: నాక్ ఆఫ్ — అర్థము, వాడుక. పని ఆపి ఇంటికి పోవుటను మన ప్రాంతమున నాక్ ఆఫ్ అందురు. పని పూర్తియగుటకును దీనికిని ఎట్టి సంబంధము లేదు. మనిషి తనంతట తాను నాక్ ఆఫ్ కాజాలడు. ఐదింటి కూతయే అతనిని నాక్ ఆఫ్ చేయును. కూతకు ముందు పోయినచో దానిని పారిపోవుట అందురు. కూత తరువాత కూడ కూర్చున్నచో దానిని ఓవర్‌టైమ్ అందురు. అది మన మున్సిపాలిటీలో లేదు. ఉదాహరణ: కూత పడెను, థామస్ నాక్ ఆఫ్ అయ్యెను (ఒప్పు). థామస్‌కు విసుగు పుట్టెను, నాక్ ఆఫ్ అయ్యెను (తప్పు)."

ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. అసలు సంగతి చివరి పేరాలో ఉంది. శుక్రవారం నాడు లండన్ నించి ఉత్పాదకత శాఖ మంత్రివర్యులు వస్తున్నారు. ఐదు దాటినా చెక్కుచెదరకుండా పనిచేసే ఊరంటూ ఒకటుందని విని, కళ్ళారా చూసి పోదామని వస్తున్నారు. "కావున ఆ ఒక్క దినము, మంత్రివర్యులు ఊరంతయు పరిశీలించిన పిమ్మట చైర్మన్ గారు స్వయముగా ఫోను చేయువరకు కూత వేయరాదు. అంతవరకు ఎవరును నాక్ ఆఫ్ కారాదు."

మాంసం కొట్టు దగ్గర క్యూలో నిలబడి హెడ్లీ క్రాబ్‌ట్రీ ఈ చివరి పేరా రెండుసార్లు చదివాడు. మూడోసారి కళ్ళజోడు తీసి చదివాడు, కొంచెం వేరేగా కనిపిస్తుందేమోనని.

మిల్లు నడిచిన రోజుల నించీ ఆ కూత వేసేది హెడ్లీయే. తొమ్మిదేళ్ళ క్రితం ఉన్ని మిల్లు మూతపడింది. మగ్గాలు అమ్మేశారు, కిటికీలు పావురాలు తీసుకున్నాయి. కూత మాత్రం ఉండిపోయింది, ఎందుకంటే అది లేకపోతే ఇంటికి ఎప్పుడు పోవాలో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. మూతపడిన మొదటి వారం బ్యాంకు మేనేజరు మూడు రోజులు బ్యాంకులోనే ఉండిపోయాడు. ముందు నేనెందుకు లేవాలని ఒకరు, నేను లేస్తే ఏమనుకుంటారోనని ఇంకొకరు. చివరికి ఊరంతా సంతకాలు పెట్టి మహజరు ఇస్తే, మున్సిపాలిటీ వారు బాయిలర్ గదిని తీసుకున్నారు. ఒక బాయిలరు, ఒక తాడు, ఒక హెడ్లీ.

ఇక శుక్రవారం సంగతి. ఆ శుక్రవారం ఉల్లిగడ్డల పోటీ, ఎవరి గడ్డ పెద్దదైతే వారిదే కప్పు.

పోటీ నిబంధన మిల్లు రోజుల నాటిది, ఫోర్‌మెన్‌కీ కూలీకీ తేడా ఉండకూడదని పెట్టింది. ఐదింటి కూత పడేదాకా గడ్డ నేలలోనే ఉండాలి. కూత పడ్డాక పెంచినవాడే తన చేత్తో పీకాలి. క్లబ్బులో ఉన్న బల్ల మీద ఆరు కొట్టేలోపు పెట్టాలి. ఆరు కొట్టాక తెచ్చింది వంటింటికే.

హెడ్లీ మడి కొండ మీద ఉంది. బాయిలర్ గది నించి ఎక్కడానికి ఇరవై నిమిషాలు, పీకి కడగడానికి పది, దిగి క్లబ్బుకి రావడానికి ఇరవై. అంటే ఐదూ యాభైకి బల్ల దగ్గర ఉంటాడు. పదకొండేళ్ళుగా అలాగే ఉన్నాడు, పదకొండేళ్ళుగా రెండో బహుమతి అందుకున్నాడు. మొదటి బహుమతి చైర్మన్ సగ్డెన్ గారిది. ఆయన మడి మున్సిపల్ ఆఫీసు వెనకే, క్లబ్బుకి ఇరవై అడుగుల దూరంలో, మనిషెత్తు గోడ కట్టి, తాళం వేసి ఉంటుంది. ప్రభుత్వ ఆస్తికి భద్రత కోసం. ఆ గోడ లోపల ఏం పెరుగుతుందో చూసినవాళ్ళు లేరు. గెలిచిన ఇత్తడి కప్పు ఆయన బల్ల మీద ఉంటుంది, పెన్సిళ్ళు వేసుకోవడానికి.

కానీ ఈ ఏడు హెడ్లీకి బెర్తా ఉంది. బెర్తా చుట్టుకొలత ఇరవై ఆరు అంగుళాలు. ఆదివారం నాడు చైర్మన్ గారు కొండెక్కి, జేబులోంచి టేపు తీసి కొలిచారు. ఇంకోసారి కొలిచారు. "బాగుంది హెడ్లీ," అన్నారు. దిగి వెళ్ళిపోయారు.

సోమవారం సర్క్యులర్ వచ్చింది.

హెడ్లీ మాంసం పొట్లం చంకలో పెట్టుకుని తిన్నగా చైర్మన్ గారి గదికి వెళ్ళాడు.

"చైర్మన్ గారూ, శుక్రవారం పోటీ అండి."

"తెలుసోయ్. నేనూ అందులో ఉన్నాగా."

"కూత లేటయితే, నేను పైకెళ్ళి పీక్కుని కిందికొచ్చేసరికి ఆరు దాటిపోద్దండి."

"నాకూ అదే కూత కదా. చట్టం ముందు అందరం సమానం."

"మీ మడి క్లబ్బు గోడకి ఆనుకుని ఉందండి."

"అది భూగోళం. దానికి నేనేం చెయ్యను?"

"పోనీ ఐదింటికి ఒక కూతేసి, మంత్రిగారి కోసం ఇంకోటి వేస్తే?"

చైర్మన్ గారు బాధగా కళ్ళు మూసుకున్నారు. "రెండు కూతలేస్తే జనం రెండుసార్లు ఇంటికి పోవాలి. మొదటిసారి పోయినవాళ్ళు రెండోసారి ఎక్కణ్ణించి పోతారు? పాలన అంటే అంత తేలిక కాదు హెడ్లీ. అయినా నాకు ఒక్కటి చెప్పు. నీకు దేశం ముఖ్యమా, ఉల్లిగడ్డ ముఖ్యమా?"

"రెండూ ఏడిపించేవే కదండీ."

"వెళ్ళు. తలుపు వేసి వెళ్ళు."

ఇంట్లో ఎనిడ్ సంగతంతా విని, కెటిల్ పొయ్యి మీద పెట్టింది. వాళ్ళకి పెళ్ళయి ముప్పై రెండేళ్ళు. అందులో పదకొండేళ్ళు ఆవిడ బాత్‌టబ్బు ఎరువు నానబెట్టడానికే పోయింది.

"చెప్తున్నా విను," అంది. "పదకొండేళ్ళు నేను వంటింటి తొట్లో స్నానం చేశా. ఈసారి కప్పు రాలేదనుకో, నీ బెర్తా సూపులోకి, నువ్వు షెడ్డులోకి."

"ఆ మంత్రి రైలు టైముకి వస్తే బానే ఉంటదే."

"ఏ రైలు టైముకొచ్చింది ఈ ఊరికి? శుక్రవారం నేను మట్టి తవ్వే ఫోర్కు పట్టుకుని మడి దగ్గర నిలబడతా. ఎప్పుడొస్తావో రా."

"ముట్టుకోకు. కూత పడందే మట్టి కూడా కదలకూడదు."

"ముట్టుకోనయ్యా. చూస్తూ కూర్చుంటా. ఆదివారాలు చర్చికి కూడా నన్నింత కంగారుగా తీసుకెళ్ళలేదు నువ్వు."

శుక్రవారం వచ్చింది. హెడ్లీ నాలుగింటికే బొగ్గు వేసి ఆవిరి నింపి, తాడు పక్కన స్టూలు వేసుకుని, గోడకున్న ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగున్నర అయింది. ఐదయింది. ఐదూ ఐదయింది.

బ్రాక్‌రాయిడ్ చరిత్రలో ఆ రోజు బంగారు అక్షరాలతో రాయదగ్గది. ఒక్క మనిషి పారిపోలేదు. సెలూన్‌లో జుట్టు కత్తిరించడం ఐదింటికి పూర్తయింది, కానీ కూత పడలేదు గనక మళ్ళీ మొదలుపెట్టారు. కుర్చీలో ఉన్నాయన కోటు వేసుకుని లేస్తే పారిపోయినట్టవుతుందని కదలకుండా కూర్చున్నాడు. ఐదుంపావుకి ఆయన చెవులు మొదటిసారి ఎండ చూశాయి. మార్కెట్ బస్సు ఆఖరి స్టాపు చేరి, దిగేవాళ్ళెవరూ దిగకపోతే, వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది. స్కూల్లో పంతులమ్మ పన్నెండో ఎక్కం అయిపోయిందని పదమూడోది అందుకుంది. పిల్లలు అలాంటిది ఒకటుందని అప్పటిదాకా ఎరగరు. లైబ్రరీలో సైలెన్స్ బోర్డు కింద నలుగురు ఒకే పత్రికని నాలుగోసారి చదివారు.

అన్నిటికన్నా ఘోరం మున్సిపల్ ఆఫీసులో జరిగింది. అక్కడ మామూలుగా మూడింటికల్లా చేయడానికి ఏమీ మిగలదు. అలాంటిది ఐదూ పదికి రోడ్ల విభాగం గుమాస్తా ఒకడు, ఏం తోచక, బల్ల మీదున్న ఫైలు తెరిచాడు. అందులో ఒక రోడ్డు ఉంది. ఆరేళ్ళ నించి వేస్తూనే ఉన్నారట. పాపం వాడు భయపడి మూసేశాడు.

ఐదూ పదిహేనుకి బాయిలర్ గదిలో ఫోను మోగింది. హెడ్లీ స్టూలు తన్నేసి లేచాడు. చైర్మన్ గారు కాదు, మున్సిపల్ ఆఫీసు టెలిఫోన్ ఆపరేటరు మేవిస్. హెడ్లీ కూతురితో కలిసి చదువుకున్న పిల్ల.

"బాబాయ్, కూత ఎప్పుడు? కాళ్ళు తిమ్మిరెక్కాయి."

"మంత్రిగారు రావాలిగా తల్లీ."



"ఆయన రారుగా," అంది మేవిస్.

"రారా?"

"పొద్దున పదకొండింటికే లండన్ నించి చెప్పారు. జలుబు చేసిందట, ప్రోగ్రాం రద్దు. లైను నేనే కలిపా. చైర్మన్ గారు అంతా విని, మేవిస్, ఇది రాజ్య రహస్యం, నీ డ్రాయర్లో పెట్టు అన్నారు. పెట్టా. నీకు చెప్పారనే అనుకున్నా."

"మరి కూత?"

"ఐదూ నలభైకి నీకు లైను కలపమన్నారు. వెనక గుమ్మం దగ్గర తోపుడు బండి కడిగించి పెట్టారు. ఫోటోగ్రాఫర్ కూడా వచ్చి కూర్చున్నాడు. బాబాయ్, ఉన్నావా? నేను చెప్పకూడనిదేమైనా చెప్పానా?"

"లేదమ్మా. నువ్వేం చెప్పలేదు. డ్రాయరు వేసెయ్."

హెడ్లీ గోడ గడియారం చూశాడు. ఐదూ పదిహేడు. ఇప్పటికిప్పుడు తాడు లాగి పరిగెత్తినా ఆరూ ఏడు. పనైపోయింది. చైర్మన్ గారు ఎంత నిక్కచ్చి మనిషంటే ఐదూ నలభై అని ఆ నిమిషం కూడా లెక్కేసి పెట్టారు. తీరుబడిగా పీక్కుని, నలుగురితో చేతులు కలిపి, ఫోటో తీయించుకుని లోపలికి వెళ్ళడానికి సరిగ్గా ఇరవై నిమిషాలు.

కొండ మీద ఎనిడ్ నిలబడి ఉంటుంది. బెర్తా పక్కన.

అతను స్టూలు సరిచేసుకుని కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక గోడకి గుచ్చి ఉన్న సర్క్యులర్ పీకి, మొదటి నించి, ఓడిపోయినవాళ్ళు చదివినంత శ్రద్ధగా చదివాడు. చివరికొచ్చేసరికి ఒక చోట వేలు ఆగింది.

ఐదూ నలభైకి ఫోను మోగింది.

"హెడ్లీ, నేను. లాగు."

"నేనంటే ఎవరండీ?"

"చైర్మన్ని."

"ఓహో. మంత్రిగారు వచ్చారాండీ?"

"వచ్చారు. చూశారు. మురిసిపోయారు. లాగు."

"ఇక్కడికి రాలేదండి."

"అక్కడికెందుకోయ్?"

"ఊరంతయు పరిశీలించిన పిమ్మట అని రాసి ఉందండి ఇందులో. బాయిలర్ గది కూడా ఊళ్ళోదే కదా. ఆయన చూడకుండా నేను కూతేస్తే రేపు నా మీద ఎంక్వైరీ. కింద సంతకం మీది. దాన్ని నేను కాదనగలనా?"

హెడ్లీ ఎదురుచూశాడు. మంత్రి రాలేదని ఒక్క మాట ఒప్పుకుంటాడు, అది చాలు అనుకున్నాడు. కప్పు ఎలాగూ పోయింది. ఆ ఒక్క మాట చెవిన పడితే జన్మంతా పబ్బులో చెప్పుకోవచ్చు.

"నాలుగు నిమిషాల్లో మంత్రిగారు నీ దగ్గరుంటారు," అన్నారు చైర్మన్ గారు. ఫోను పెట్టేశారు.

హెడ్లీ చేతిలో రిసీవరు అలాగే ఉండిపోయింది. లేని మంత్రిని నాలుగు నిమిషాల్లో తయారుచేయగల నాయకుణ్ణి ఎన్నుకున్నందుకు ఎవరికైనా గర్వంగానే ఉంటుంది.

మాట ప్రకారం నాలుగో నిమిషంలో బాయిలర్ గది ముందు పొడుగాటి నల్ల కారు ఆగింది. అందులోంచి నల్ల కోటు, నల్ల చేతితొడుగులు, ఎత్తైన నల్ల టోపీ పెట్టుకుని ఒకాయన దిగాడు. ఊళ్ళో మంత్రికి తగ్గ టోపీ ఒక్కటే ఉంది. అది సెప్టిమస్ హోల్‌రాయిడ్ నెత్తి మీద ఉంటుంది. అంత్యక్రియలు చేయించే సెప్టిమస్.

"నేను మంత్రిని," అన్నాడు సెప్టిమస్, తన బూట్లకేసి చూసుకుంటూ.

"దయచేయండి. మొన్న మార్చిలో మా అత్తగారిని పూడ్చింది కూడా మంత్రిగారే కదండీ?"

"హెడ్లీ, నన్ను నలిపెయ్యకు. శ్మశానం తాళం ఆయన చేతిలో ఉంది. పరిశీలించి రా అన్నాడు. ఇదిగో, పరిశీలించా. బాయిలరు బాగుంది. తాడు బాగుంది. లాగెయ్, నేను పోతా."

హెడ్లీ తాడు పట్టుకున్నాడు గానీ లాగలేదు. అతని చూపు సెప్టిమస్ భుజం మీంచి బయటికి వెళ్ళింది. శవాల బండి ఇంజను మెత్తగా గురగురలాడుతోంది.

"సెప్టిమస్, పోయినేడు నీకెన్నో ప్లేసు?"

"మూడు. ఎనిమిదేళ్ళ నించీ మూడే."

"రెండు నాది. మొదటిది ఎవరిదో చెప్పక్కర్లేదు. ఈ బండి మా మడి దాకా ఎక్కుద్దా?"

"మీ అత్తగారితోనే ఎక్కింది. ఒంటిగా ఎక్కదా?"

"మంత్రిగారు ఊరంతా చూశారు గానీ, కొండ మీద కూరగాయల మళ్ళు చూడలేదు. రేపు పేపరోళ్ళు అడిగితే ఏం చెప్తారు?"

ముప్పై ఏళ్ళుగా వృత్తి ధర్మం కోసం సెప్టిమస్ ముఖం మీదికి ఏ భావాన్నీ రానివ్వలేదు. అది మొట్టమొదటిసారి కదిలింది. ముందు ఎడమ పెదవి, తరవాత కుడి పెదవి.

"లాగు," అన్నాడు. "పరిశీలనకి వేళవుతోంది."

ఐదూ నలభై అయిదుకి కూత పడింది. సెలూన్‌లో కత్తెర గాల్లో ఆగింది. స్కూల్లో పదిహేడో ఎక్కం మధ్యలో ఆగింది. బస్సులో వాళ్ళు ఎక్కడున్నారో అక్కడే దిగిపోయారు. ఊరు ఊరంతా ఒక్కసారిగా కోట్లు తొడుక్కుని వీధిలో పడింది.

కొండ మీద ఎనిడ్ శవాల బండిని చూసి ఫోర్కు కింద పడేసింది.

"అయ్యో. పోయాడా?"

"ఇంకా లేదు," అన్నాడు హెడ్లీ ముందు సీట్లోంచి దిగుతూ. "ఫోర్కు ఇలా తే."

బెర్తా కదలడానికి ఒప్పుకోలేదు. హెడ్లీ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ కిందికి పోనిచ్చి, పళ్ళు బిగించి లాగాడు. గడ్డ వేళ్ళు తెగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది. సెప్టిమస్ అలవాటు కొద్దీ టోపీ తీశాడు. శవపేటిక పెట్టే చోట ఊదారంగు గుడ్డ పరిచి, దాని మీద బెర్తాని పడుకోబెట్టారు. ఎనిడ్ వెనక కూర్చుని, తడి చేతిరుమాలుతో మట్టి తుడవడం మొదలుపెట్టింది. పైపొర ఒకటి చిట్లి ఉంది. వంద గజాలు పోయేసరికి ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఎంతైంది?" అడిగాడు హెడ్లీ.

"యాభై మూడు," అన్నాడు సెప్టిమస్. "పెద్ద వీధి మొగ దగ్గర స్టీరింగు నువ్వు పట్టుకో. నేను ముందు నడుస్తా. చేస్తే పద్ధతిగా చెయ్యాలి."

సరిగ్గా ఆ వేళకి పెద్ద వీధిలో చైర్మన్ సగ్డెన్ గారు వెనక గుమ్మంలోంచి బయటికొచ్చారు. తోపుడు బండిలో గడ్డ ఉంది, పైన తెల్ల తువ్వాలు కప్పి ఉంది. ముందు ఫోటోగ్రాఫర్. అటూ ఇటూ మూడొందల మంది జనం, అప్పుడే డ్యూటీ దిగినవాళ్ళు. మే నెలలో ఎన్నికలు. ఆయన అందరితోనూ చేతులు కలుపుతూ, పిల్లల బుగ్గలు నిమురుతూ, క్లబ్బు గుమ్మం వైపు తీరుబడిగా నడుస్తున్నారు. ఇంకా ఇరవై అడుగులు. ఆరు నిమిషాలు.

"మంత్రిగారేరండీ?" అడిగింది లైబ్రరీ ఆవిడ.

"ఇప్పుడే వెళ్ళారు. ఊరి మీంచి ఆయన కళ్ళు తిప్పుకోలేకపోయారు."

అప్పుడు వీధి మొగలో సెప్టిమస్ కనిపించాడు. టోపీ ఛాతీకి ఆనించుకుని, చేతికర్ర పట్టుకుని, ఒక్కో అడుగూ ఒక్కో ప్రార్థనలా వేస్తూ. వెనక నల్ల బండి. లోపల ఎనిడ్ క్రాబ్‌ట్రీ, కుండపోతగా ఏడుస్తూ.

ఆ ఊరి జనం కూత పడితే కదులుతారు, శవాల బండి కనిపిస్తే ఆగుతారు. ఈ రెండూ వాళ్ళకి తల్లిపాలతో వచ్చాయి. బస్సు ఆగింది. కుక్కని గొలుసు పట్టి ఆపారు. మగవాళ్ళ టోపీలన్నీ ఒక్కసారిగా కిందికి దిగాయి. సెలూన్ నించి వచ్చినాయనకి టోపీ తీయడం కష్టమైంది, కానీ తీశాడు. మూడొందల తలలు వంగాయి.

చైర్మన్ గారు ఒక్క అడుగు ముందుకి వేశారు. చుట్టూ చూశారు. ఓటర్లు. తోపుడు బండి దించి, టోపీ తీసి, గుండెకి హత్తుకుని నిలబడ్డారు.

బండి వచ్చి సరిగ్గా క్లబ్బు గుమ్మానికి అడ్డంగా ఆగింది. హెడ్లీ దిగి, వెనక తలుపు తీసి, ఊదారంగు గుడ్డలో చుట్టినదాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకున్నాడు. లోపలికి నడిచాడు. వెనకే ఎనిడ్, ముక్కు చీదుకుంటూ. ఎవరూ తలెత్తి చూడలేదు. అలాంటప్పుడు చూడడం మర్యాద కాదు.

"సెప్టిమస్," అన్నారు చైర్మన్ గారు పెదాలు కదపకుండా. "బండి తియ్యి."

"పోయినవాళ్ళ పట్ల గౌరవం ఉండాలి కదండీ," అన్నాడు సెప్టిమస్, తల వంచుకునే.

"ఎవరోయ్ పోయింది?"

"మంత్రిగారండి."

"ఏ మంత్రి?"

"ఇందాక మీరు పంపారే, ఆయనే. బాయిలర్ గది చూసి, కొండెక్కారు. మరి లేరు. ఆఖరి నిమిషాల్లో ఆయన దగ్గర నేనే ఉన్నా."

పక్కనున్న లైబ్రరీ ఆవిడ విన్నది. సైలెన్స్ బోర్డు కింద ఇరవై ఏళ్ళు గుసగుసగా మాట్లాడిన మనిషి ఆవిడ. ఆవిడ గుసగుస పోస్టాఫీసు దాకా వినపడుతుంది. మంత్రిగారు పోయారట. ఇప్పుడే కదా చైర్మన్ గారు వెళ్ళారన్నారు. అవును, వెళ్ళారనే అన్నారు, పాపం, ఎంత సున్నితంగా చెప్పారో. జనమంతా కన్నీళ్ళతో చైర్మన్ గారి వైపు తిరిగారు. రెండు మాటలు మాట్లాడకపోతే బాగుండదు.

ఆయన మాట్లాడారు. మంత్రిగారి నిరాడంబరత గురించి చెప్పారు. తనతో ఉన్న స్నేహం గురించి చెప్పారు. క్లబ్బు గుమ్మం వైపు చూసి కళ్ళు తుడుచుకున్నారు. అంత నిజమైన దుఃఖం ఆయన ముఖంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే చర్చి గడియారం కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో గంటకి కొండ మీంచి గాలి దిగి, తోపుడు బండి మీది తెల్ల తువ్వాలు ఎత్తి, ఎదురుగా ఉన్న కుక్క మీద వేసింది.

గడ్డ పెద్దదే. మట్టి లేకుండా కడిగి, కాడ కోసి, తీరుగా ఆరబెట్టి ఉంది. దాని మెడకి నీలం దారంతో చిన్న అట్ట కట్టి ఉంది. ఫోటోగ్రాఫర్ వంగి దగ్గర్నించి తీశాడు. లైబ్రరీ ఆవిడ, అక్షరం కనిపిస్తే చదవకుండా ఉండలేదు గనక, చదివింది.

"డార్‌వెల్ పట్టణ ఉల్లి ప్రదర్శన, శనివారం. ద్వితీయ బహుమతి."

ఆరు కొట్టింది.

శనివారం మున్సిపల్ ఆఫీసు మీద జెండా సగానికి దించారు. పత్రికలో మొదటి పేజీలో చైర్మన్ గారి ఫోటో పడింది: టోపీ గుండెకి హత్తుకుని, కళ్ళు క్లబ్బు గుమ్మం వైపు, ముందు తోపుడు బండి. అట్ట మీది అక్షరాలు స్పష్టంగా వచ్చాయి. కింద "మంత్రి మృతికి కన్నీటి పర్యంతమైన సగ్డెన్" అని వేశారు.

ఇత్తడి కప్పు అదే రోజు హెడ్లీ ఇంటికి వచ్చింది. అందులో పదిహేడు పెన్సిళ్ళు ఉన్నాయి. వాటిని అతను కవర్లో పెట్టి, మర్యాదగా తిప్పి పంపాడు. ఎనిడ్ ఆ సాయంత్రం బాత్‌టబ్బు మూడుసార్లు తోమి, వేడినీళ్ళు నింపుకుని, ఐదు నించి ఏడు దాకా అందులోంచి లేవలేదు.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి మున్సిపల్ ఆఫీసులో ఫోను మోగింది. మేవిస్ విని, రిసీవరు చేత్తో మూసి, చైర్మన్ గారి గదిలోకి తల పెట్టింది.

"లండన్ నించండి. మంత్రిగారికి జలుబు తగ్గిందట. ఈ శుక్రవారం తప్పకుండా వస్తారట."

చైర్మన్ గారు కిటికీలోంచి సగానికి దించి ఉన్న జెండా వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"మేవిస్," అన్నారు, "టైపు మిషను తీసుకురా. సర్క్యులర్ నంబరు పదిహేను. విషయం: పోవుట — అర్థము, వాడుక."